రాతిమీద తెల్లజుట్టు

"జుట్టు తెల్లగా చెక్కు నాయనా. నుదుటిమీద ముడతలు పెట్టు. కళ్ళజోడు కూడా ఉంటే మంచిది."

సేరోబ్ చేతిలోని ఫోటోని మళ్ళీ చూశాడు. ఫ్యాక్టరీ పాసు మీంచి ఊడదీసిన ఫోటో అది. సన్నమీసం కుర్రాడు, నవ్వు ఆపుకుంటున్నట్టున్నాడు. పాతికేళ్ళుంటాయేమో.

గ్యుమ్రిలో సమాధిరాళ్ళ మీద బొమ్మలు చెక్కేవాళ్ళకు కరువు లేదు. అసలు ఆ ఊళ్ళో రాయి విసిరితే ఎవరో ఒక చిత్రకారుడి నెత్తినే పడుతుంది. అయినా పోయినవాళ్ళ మొహంలో కళ రావాలంటే సేరోబ్ దగ్గరికే వెళ్ళాలంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు, కాస్త గర్వం కూడా ఉంది.

"అమ్మా, నా దగ్గరికొచ్చేవాళ్ళంతా వయసు తగ్గించమనేవాళ్ళే. మొన్న ఒకావిడ మొగుడి బట్టతల మీద ఉంగరాల జుట్టు పెట్టించుకుంది. రేపు పైకి పోయాక ఆయన్ని గుర్తుపడుతుందో లేదో! పెంచమన్నది నువ్వొక్కదానివే."

ఫోటో తెచ్చిన ముసలావిడ నవ్వింది. పేరు షుషానిక్. ఊరిని నేలమట్టం చేసిన భూకంపం తర్వాత రష్యాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయి, ఇన్నేళ్ళకు ఊరు చూడ్డానికి వచ్చింది. వయసు డెబ్బయ్యో, ఎనభయ్యో! ఆ భూకంపంలో బతికి బయటపడ్డ ఆడవాళ్ళ వయసు మొహం చూసి చెప్పడం కష్టం.

"ఊరంతా చూశావా?" అడిగాడు సేరోబ్.

"చూశాను. చర్చికి గోపురం మళ్ళీ లేచింది. బొమ్మలవాళ్ళు, పాటలవాళ్ళు ఎప్పట్లాగే ఉన్నారు. మా వీధే దొరకలేదు. సమాధి మాత్రం దొరికింది. రేకుముక్క మీద రాసిన పేరు తుప్పు తినేసింది. అందుకే రాయి పెట్టిద్దామని. ఇద్దరి మొహాలూ ఉండాలి."

అందులో వింతేమీ లేదు. బతికుండగానే తమవాళ్ళ పక్కన మొహం చెక్కించుకుని, పోయే ఏడాది అంకెకి మాత్రం చోటు వదిలెయ్యడం అక్కడ మామూలే. కానీ కుర్రాణ్ణి ముసలివాణ్ణి చెయ్యడమేమిటి?

"కుదరదమ్మా. అతను ఆ వయసు చూడనేలేదు. రాతిమీద అబద్ధం చెక్కలేను."

"బట్టతల మీద ఉంగరాల జుట్టు నిజమేనా మరి?"

సేరోబ్ ఫోటోని బల్లమీద పెట్టాడు. "పోనీ, అప్పటి నీ ఫోటో ఒకటియ్యి. నిన్నే చిన్నదాన్ని చేసేస్తాను."

"ఇల్లు కూలినప్పుడు అన్నీ మట్టిలో కలిశాయి. మిగిలింది ఇదొక్కటే. నా అప్పటి మొహం నాకే గుర్తు లేదు నాయనా, నీకేం చెప్పను?" ఆవిడ ఫోటోని మళ్ళీ అతనివైపు జరిపింది. "ఎల్లుండి నా ప్రయాణం. మళ్ళీ ఈ ఊరికి నా కాళ్ళతో రాను, పెట్టెలోనే వస్తాను. ఈ ఒక్కటీ కాదనకు."

సేరోబ్‌కి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. అదే భూకంపంలో అతని అన్న బడిలోనే పోయాడు. ఆ పిల్లాడికి ఆవిడ ఏటా పుట్టినరోజు చేసేది. "ఈ ఏడు నలభై నిండాయిరా మీ అన్నకి, ఈపాటికి బొజ్జ వచ్చుంటుంది" అంటూ తీపిరొట్టె కోసి ఇరుగుపొరుగుకి పంచేది. పోయిన కొడుకుని కూడా పెంచుకుంటూనే ఉంటుంది తల్లి.

సేరోబ్ కాగితం, పెన్సిలు తీశాడు. బుగ్గలు కాస్త జార్చాడు. జుట్టూ కనుబొమలూ తెల్లబరిచి, నుదుటిమీద ముడతలు పెట్టాడు. కళ్ళజోడు తగిలించాడు.

"నవ్వు మార్చకు," అంది షుషానిక్.

"మార్చనులే. నవ్వుకి ముసలితనం రాదు."

బొమ్మ పూర్తయ్యాక ఆవిడ చాలాసేపు చూసింది. కాగితం మీద ఆ ముడతల్ని వేలితో తడిమింది. "ఇలా ఉండేదన్నమాట ఈ మొహం!" అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. సేరోబ్ కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఆవిడ మొహం కూడా గీశాడు. ఫోటో కుర్రాడి భుజం వెనకాల, కాస్త పైగా, దీవిస్తున్నట్టు.

"అక్కడ కాదు," అంది షుషానిక్. "పక్కన వెయ్యి. భుజానికి భుజం ఆనాలి."

"తల్లుల్ని నేనెప్పుడూ వెనకాలే చెక్కుతానమ్మా. చూడ్డానికి బావుంటుంది."

షుషానిక్ రుమాలుతో మొహం తుడుచుకుని, అతని చేతిలోని పెన్సిలు మెల్లగా పట్టుకుని ఆపింది.

"అందుకేగా నాయనా ముసలివాణ్ణి చెయ్యమన్నాను, నా మొగుడి పక్కన నన్ను చూసి అందరూ నీలాగే తల్లీకొడుకులనుకుంటారని!"