పక్కన ఏం పెట్టాలి

ఆలస్యమ్మ మీద అతనికి పీకలదాకా కోపం. ఆ పేరు అతను పెట్టిందే. పదింటికల్లా రమ్మంటే పదకొండు దాటాక వచ్చింది, అదీ కొత్త చీర కట్టుకుని. మాంసం వండడానికి వచ్చే మనిషి కట్టుకునే చీరేనా అది?

"బస్సు దొరకలేదన్నా" అంది గుమ్మంలోనే నిలబడి.

"నీకెప్పుడు దొరికింది గనక! చెప్పులు వదిలి లోపలికి రా. ఒంటిగంటకు పాప బడి నుంచి వచ్చేస్తుంది."

గుమ్మం పక్కన రేకుపెట్టె సర్ది, తాడు కట్టి ఉంది. గొళ్లెం ఊడిపోతే పొద్దున్నే అతను తన చేత్తోనే వెల్డింగు చేశాడు. ఆలస్యమ్మ దాన్ని చూసి, చూడనట్టు వంటింట్లోకి నడిచింది.

ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. పాపకు పళ్లొచ్చిన దగ్గర్నుంచీ గరిటె అతనిదే. పాప తిండి దగ్గర మొండిఘటం. గొర్రె మాంసం వండితే కడుపునిండా తింటుంది, అదీ అతను వండినట్టే ఉండాలి. పోయినేడు అతను జ్వరంతో పడుకుంటే పక్కింటావిడ జాలిపడి వండిపెట్టింది. పాప రెండు రోజులు మంచినీళ్లతో గడిపింది. ఇవాళ ఈ మనిషి చేతి వంట దిగితే సరి. దిగకపోతే సాయంత్రం ప్రయాణం లేదని ముందే మాట అనుకున్నారు.

"కొవ్వు తియ్యి ముందు. తెల్లగా కనిపించిందల్లా తీసెయ్. నీచువాసన తగిలితే ఇక పళ్లెం వైపు చూడదు."

ఆలస్యమ్మ కత్తితో కుస్తీ పట్టింది.

"అది మాంసం, పగవాడు కాదు. అలా పొడవకు."

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి మానుకుంది.

కిటికీలోంచి పక్కింటావిడ తొంగిచూసింది. "వంటమనిషిని పెట్టుకున్నావా నాయనా? జీతమెంత?"

"పని చూడనివ్వండి, తర్వాత కదా జీతం!"

ఆలస్యమ్మ తలెత్తలేదు.

మాంసం వేగుతుంటే అతను పక్కన ఏం పెట్టాలో చెప్పుకొచ్చాడు. "పలచగా వండిన రోజు అన్నం పెట్టు. ఇలా వేయించిన రోజు బంగాళాదుంపలు ఉడికించి, మెత్తగా మెదిపి, కాసిని పాలు పొయ్యి. క్యారెట్ ఓ మూలన ఉండాలి. మాంసానికి తగిలిందో, రెండూ వదిలేస్తుంది. బఠాణీలు మాత్రం పెట్టకు. తిన్నట్టే తిని మంచం కింద పారేస్తుంది, నాలుగు రోజులు పోయాక చీమలొచ్చి చెప్తాయి నీకు. మూలుగ బొక్క ఆఖర్న ఇవ్వు. ముందే ఇచ్చావా, నీ పని గోవిందా."

"జ్వరమొస్తే?"

"బొక్కలు ఉడికించిన నీళ్లు. కాస్త మిరియం. పక్కన ఏమీ వద్దు. పక్కన నువ్వు కూర్చో, చాలు."

ఆమె పెదాలు కదుపుతూ ఒక్కొక్కటీ వల్లె వేసుకుంది. "ఇంకేమన్నా ఉందా అన్నా?"

ఉంది. అతను చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని, "అంతే" అన్నాడు.

పాప వచ్చింది. పుస్తకాల సంచి మంచం మీదికి విసిరి, కొత్త మనిషిని కిందికీ మీదికీ చూసింది.

"నువ్వు చెప్పింది ఈమేనా నాన్నా?"

"ఆఁ. ఇకమీదట ఈమే వండుతుంది."

ఆలస్యమ్మ వడ్డించింది. క్యారెట్ మూలన, మెదిపిన దుంప ఈ పక్కన, మధ్యలో మాంసం. పాప ఓ ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం ఆపింది. పళ్లెం ముందుకు నెట్టేసింది.

"నాన్న చేసినట్టు లేదు. నాకొద్దు."

అతని గుండెలో ఏదో తీపిగా కదిలింది. తాడు విప్పడానికి ఎంతసేపు, అనుకున్నాడు.

"ఏం తక్కువైందన్నా?" అంది ఆలస్యమ్మ. "చెప్పినవన్నీ చేశాను కదా!"

అతను గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె కొత్త చీరతోనే పాప ముందు నేలమీద చతికిలబడింది. కుచ్చిళ్లకు మసి, కొంగుకు కొవ్వు మరకలు. "ఒక్క ముక్క తల్లీ. ఒక్కటంటే ఒక్కటి."

పాప మంచినీళ్ల గ్లాసు అందుకుంది.

ఆ గ్లాసు అతనికి తెలుసు. పోయినేడు రెండు రోజులు చూశాడు. ఈ పూట తను నెగ్గొచ్చు. నెగ్గినా పాప కడుపు ఖాళీయే.

లేచి, జేబులోంచి నిమ్మకాయ తీసి కోశాడు.

"పళ్లెంలో పెట్టాక పిండాలి. పొయ్యి మీదుండగా పిండితే చేదెక్కుతుంది. సగం చెక్క చాలు. ఇదొక్కటి మర్చిపోకు." గింజలు పడకుండా తన అరచెయ్యి అడ్డుపెట్టి, ఆమె చేతనే పిండించాడు.

పాప తింది. మళ్లీ పెట్టమంది. మూలుగ బొక్క కోసం చెయ్యి చాపింది. అతని వైపు కాదు, ఆలస్యమ్మ వైపు.

అతను పాప మూతి తుడిచాడు. జోళ్ల పట్టీలు బిగించాడు. పాప బట్టలు సర్దిన ఆ రేకుపెట్టెను ఎత్తి చెల్లెలి చేతికిచ్చాడు. "రెండ్రోజుల్లో వచ్చి తీసుకెళ్తా, అన్నా" అంటూ పొత్తిళ్లలో ఉన్న తన బిడ్డను ఇదే గుమ్మంలో అతని చేతుల్లో పెట్టి వెళ్లి, ఏడేళ్లకు వచ్చింది ఆలస్యమ్మ.