సోఫాకు అడ్డొచ్చిన గోడ

మా ఆయన జియావుల్లాకు మనుషులతో పేచీ లేదు, గోడలతోనే. కొత్త సోఫా కింది గదిలో పట్టకపోతే, సోఫాను వదిలేసి వాళ్ల తాత కట్టిన మూరన్నర మందం మట్టిగోడను తప్పుబట్టారు. నా మధ్యాహ్నపు కునుకు ఆ గదిలోనే. ఆ గోడ పోతే అది కూడా మిద్దె మీది సన్నగోడల గది మాదిరే అవుతుంది. చిత్తూరు మే నెల ఎండకు అందులో అప్పడాలు వాటంతటవే వేగుతాయి.

"దీన్ని తీసేసి ఈడ నాలుగంగుళాల ఇటుక గోడ పెట్టప్పా," అన్నారు మేస్త్రితో. మేస్త్రి కుప్పయ్య గడ్డపార ఎత్తాడు.

"ముందు అన్నం తినండి. పడగొట్టేదానికి బలం కావద్దా?" అన్నాను.

ఆ గదిలోనే చాప పరిచి ఇద్దరికీ పెరుగన్నం, ఊరగాయ వడ్డించాను.

"ఇంత లావు గోడ దేనికి పనికొస్తాదే?" అన్నారు మా ఆయన.

"పగలంతా ఎండను అదే మింగుతాది. రాత్రికి మెల్లగా వదుల్తాది. మనదాకా రానీదు."

"నీ డిగ్రీ చదువు నా దగ్గర వద్దు. ముందు ఆ ఫ్యాను తగ్గించు, చలేస్తా ఉండాది."

"కరెంటు పొద్దున్నే పోయినాదండీ."

ఇద్దరూ తలెత్తి చూశారు. ఫ్యాను రెక్క మీద బల్లి నిద్రపోతోంది.

మా ఆయన ఎడమచెయ్యి గోడకు ఆనించి, చాలాసేపు తీయలేదు.

"గడ్డపార బయట పెట్టు కుప్పయ్యా," అన్నారు. తర్వాత నా వైపు కాదు, గోడ వైపు తిరిగి గట్టిగానే చెప్పారు.

"తప్పు నాదే."