తిమ్మయ్య ఆట చూసినవాళ్లు

“రవ్వంత ఏడుపు గూడా కలుపు రా సురేషా. ఉప్పు లేని కూర మాదిరి చప్పగా చెప్పాకు,” అన్నాడు పెంచల్.

కువైట్‌లోని సులైబియాలో తిమ్మయ్య కూరగాయల గోదాము ముందు, లారీ నీడలో నిలబడి ఉన్నారిద్దరూ. పెంచల్‌కు అక్కడ పని దొరికి ఏడాదయింది. ఇప్పుడు తన గదిలో ఉండే సురేష్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

సురేష్ డ్రైవరు. వాడికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇల్లు అమ్ముకుని, కుటుంబంతో సహా లండన్ వెళ్లిపోతున్నాడు. నెలాఖరుకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, ఖలాస్. ఈలోగా ఎవరో ఒకరు వాణ్ణి తమ పేరు మీదికి మార్చుకోకపోతే విమానం ఎక్కాల్సిందే. భార్య శివపార్వతి ఫింటాస్‌లో ఒక మామా, అంటే అరబ్బు యజమానురాలి, ఇంట్లో పనిచేస్తోంది. ఆమె మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. పెళ్లయినప్పటి నుంచీ చెరో దేశంలో కాపురం చేసి, మొన్నమొన్ననే ఇద్దరూ ఒక్క దేశంలో పడ్డారు.

కువైట్‌లో తిమ్మయ్య పేరు వినని కడప మనిషి లేడు. వంగితే గానీ గుమ్మంలో పట్టని పొడవు. రాజంపేటలో కాలేజీ చదివే రోజుల్లో బాస్కెట్‌బాల్ ఆడి, చుట్టుపక్కల జిల్లాల వాళ్లను మూడు చెరువుల నీళ్లు తాగించాడని ప్రతీతి. అంత పేరున్నా, తన ఆట గురించి తన నోటితో ఒక్క ముక్క చెప్పుకోడు. ఎదుటివాళ్లు చెబితే మాత్రం చెవులు అప్పగించి వింటాడు. ఆ ఆట చూసినవాళ్లు వస్తే వట్టి చేతులతో పంపడు.

“నువ్వు నిజంగా చూసినావా అన్నా?” సురేష్ అడిగాడు.

“నేన్యాడ చూసినా? ఆ కాలంలో మేకల ఎంబడి తిరుగుతాంటి. నీ ఆట మా మేకలు గూడా మేత ఇడిసిపెట్టి చూసినాయి అన్నా అని చెప్పినా. అంతే, పని ఇచ్చినాడు.”

ఆఫీసు తలుపు తెరుచుకుంది. వీళ్లకంటే ముందు పని అడగడానికి వెళ్లిన రాజోలు సీమోను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“ఏమైంది?” అన్నాడు పెంచల్.

“ఏముందండీ, మీ ఆట చూశానండీ, చాలా బాగా ఆడారండీ అన్నానండి. ఎలా ఆడానో చెప్పు అన్నారండి. నాకేం తెలుసండీ? యల్లా, ఫో అన్నారండి. ఆయ్.”

అబద్ధమని తిమ్మయ్య పట్టేశాడన్నమాట. సురేష్ వెనక్కి తిరగబోతే పెంచల్ వీపు మీద చెయ్యి పెట్టి లోపలికి నెట్టాడు.

బల్ల వెనుక తిమ్మయ్య కూర్చున్నా, సురేష్ నిలబడినంత ఎత్తున్నాడు. పక్కన గాజు పెట్టెలో బంతి. ఒక్క గీత పడలేదు. ఎంత భద్రంగా దాచుకున్నాడో మహానుభావుడు!

“చూసినావా నా ఆట?”

“చూసినా అన్నా. మా నాయన భుజాల మీద కూచోని.”

“నా బనీను మీద నంబరు ఎంత?”

“పదకొండు.”

“పెంచల్ ఏడని చెప్పినాడే!”

సురేష్ గబగబా అందుకున్నాడు. “ఏడు చినిగిపాయ గదన్నా. ఆ యనక పదకొండు ఏసుకున్నారు.”

తిమ్మయ్య తలూపాడు. “అవునవును. అట్టయితే రెండూ సరిపోతాయి. మరి అనంతపురమోళ్లతో ఆడినప్పుడు ఆఖరి బంతి ఏ చేత్తో ఏసినా? జాగర్తగా చెప్పు. రేపు ఇంగొకరు అడిగితే మాట మారగూడదు.”

“ఎడం చేత్తో అన్నా. కుడి చేయి ఇరిగిపోయి ఉండె గదా!”

“ఇరిగిందా!” తిమ్మయ్య గబుక్కున కుడి చేయి తడుముకున్నాడు.

“ఆ అనంతపురమోళ్లే తోసినారు.”

“దొంగనాయాళ్లు!” ఆయన కళ్లు చెమర్చాయి. “ఊ, ఆ యనక?”

ఇక ఆగితే మునుగుతానని సురేష్‌కు అర్థమైంది. పగ్గాలు వదిలేశాడు.

“బంతి పైకి పోయింది పోయినట్టే అన్నా. చూసి చూసి రెఫరీ బీడీ ముట్టిచ్చుకున్యాడు. బీడీ సగం కాలినాక దిగింది బంతి. నేరుగా బుట్టలోనే! జనం అంటారా, ఊరు ఊరంతా ఆడనే. ఒక పెండ్లికొడుకు బాసికంతోనే వచ్చి కూచున్యాడు.”

“ముహూర్తం?”

“దాటిపాయ. తిమ్మయ్య గెలిస్తేనే తాళి కడతానని మొండికేసినాడు.”

“పాపం, ఆ బిడ్డ పెండ్లి నా చేతిలో ఉండిందన్నమాట.” తిమ్మయ్య తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. పెదవులు కదుపుతూ ఎక్కం అప్పజెప్పినట్టు ఏదో గొణుక్కున్నాడు. పదకొండు, ఎడం చేయి, బీడీ, బాసికం.

సురేష్‌కూ నిజంగానే ఏడుపొచ్చింది. శివపార్వతి గుర్తొచ్చింది.

“ఏడవాకు. రేపు పొద్దున్నే వచ్చెయ్. నీ ఇఖామా మార్పిస్తా. నువ్వింగ నా మనిషివి. యాడికి పోయినా నా పక్కనే ఉండాల.”

సురేష్ రెండు చేతులూ జోడించాడు. తిమ్మయ్య లేచి వెళ్లి తలుపు గడియ పెట్టాడు. కుర్చీ లాక్కుని వాడి పక్కనే కూర్చున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

“ఎల్లుండి ఇస్కూలు పిల్లోల్లు నన్ను ఆడి చూపియ్యమన్నారు, నువ్వు కండ్లారా చూసినోనివి గాబట్టి నిన్నే అడుగుతాండా సురేషా, ఈ ఆటలో బంతిని కాలితో తన్నొచ్చునా?”