ఖదాన్‌లో మనిషి

"ఏడే ఆడు?"

పెళ్ళాం రెక్క పట్టుకుని నూకరాజు పళ్ళ సందునుంచి అడిగాడు. మామూలుగానైతే ఊరు అదిరేలా అరిచేవాడే. పైన గట్టు మీద మేకలు కాసేవాళ్ళుంటే సంసారం వీధిన పడుతుందని గొంతు తగ్గించాడు.

రాయపూర్ శివార్లలో, మోవా దాటాక ఉంది ఆ ఖదాన్. రైలు పట్టాల కింద పరిచే కంకర కోసం తెల్లదొరల కాలంలో తవ్వడం మొదలెట్టి, స్వరాజ్యం వచ్చిన ఏడాదే వదిలేసిన రాతి గొయ్యి. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినా అంచు అందదు. ఎండలు ముదిరాక అడుగున ఊరిన నీళ్ళు కూడా ఇంకిపోయి తెల్లరాయి పెనంలా కాలుతోంది. అక్కడ, ఒక బండ నీడలో, ఆమె ఒక్కతీ కూర్చుని ఉంది.

నూకరాజు బండ వెనక వెతికాడు. గోడకున్న గుహలాంటి గూట్లోకి తొంగి చూశాడు. ఒక తొండ తప్ప ఎవరూ లేరు.

"ఝూట్ సెప్పావంటే ఊరుకోను. పరదేశి తన సెవుల్తో ఇన్నాడు." పరదేశి అతనితో రైల్వే గ్యాంగులో పనిచేసే ఇక్కడివాడు, తెలుగు అంతంతమాత్రం. "గట్టు మీంచి ఎల్తుంటే, నువ్వొక మాటంటే అట్నుంచి బదులొచ్చిందంట. తెలుగేనంట. ఈ రాయపూర్లో నీకు తెలిసిన తెలుగోడెవడే?"

"ఇంటికాడ సెప్తాను పద మావా. వడగాలి కొట్టే యేళ."

"ఇక్కడే సెప్పు. లేదంటే రేపే పార్వతీపురం బండెక్కించేస్తాను. మీ అయ్యకి సెప్పుకుందువు."

ఆమె ముఖం పాలిపోయింది. మొగుడు వదిలేసిన కూతుర్ని ఆ అయ్య గుమ్మం తొక్కనివ్వడు. అయినా లేచి నడవబోయింది. నూకరాజుకి ఒళ్ళు తెలియలేదు. ఆమె తెచ్చుకున్న నీళ్ళ చెంబుని ఒక్క తన్ను తన్నాడు. ఆ నీళ్ళు రాయి మీద పడ్డాయో లేదో ఆరిపోయాయి. చేసిన పని ఎంత తెలివితక్కువదో మగాడికి అప్పుడు తెలియదు, సగం దారిలో తెలుస్తుంది.

ఎక్కడం మొదలెట్టారు. బళ్ళు దిగే బాట ఎప్పుడో వానలకి కూలిపోయింది. మిగిలింది మేకల దారి. దిగేటప్పుడు కోపం దించేసింది గానీ ఎక్కేటప్పుడు కాళ్ళే ఎక్కాలి కదా! నడుమ దాకా వచ్చేసరికి నూకరాజు నాలుక పిడచకట్టింది. చెవుల్లో హోరు, కళ్ళ ముందు నల్ల చుక్కలు. ముందు బయల్దేరినవాడు వెనకబడ్డాడు. ఆమె మాత్రం ఏ రాయి కదులుతుందో ఏది కదలదో తెలిసినట్టు చకచకా పోతోంది.

"దారి బాగానే అలవాటైందే," అని ఎత్తిపొడిచాడు, ఒగరుస్తూ.

"రోజూ వత్తాను కదా."

ఏం ధైర్యం! ఇంకో మాట అనబోయి కాలు జారాడు. ఆమె చప్పున వంగి చొక్కా పట్టుకుంది. పట్టు వదిలేస్తే తన పని అయిపోయినట్టేనని అతనికి తెలుసు. ఆమె వదల్లేదు. పైకి లాగి, కాస్త నీడపట్టున కూర్చోబెట్టింది. ఇక్కడి ఆడవాళ్ళు ఎండాకాలం కొంగున ఉల్లిపాయ లేనిదే గడప దాటరు. వాళ్ళని చూసి ఆమె కూడా నేర్చుకుంది. కొంగుముడి విప్పి, ఉల్లిపాయ చితక్కొట్టి, అతని ముక్కు దగ్గర పెట్టింది. అరికాళ్ళకి రాసింది.

"ఒగ్గెయ్యకపోయావా నన్ను," అన్నాడు నూకరాజు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. "ఆడి కాడికే ఎల్లిపోదువు."

"నిన్నొగ్గేస్తే నాకెవులున్నారు మావా?"

"మరాడేటిత్తాడే నీకు? సీరలా? మిఠాయా?"

"ఏటీ లేదు. పేరెట్టి పిలుపొస్తాది. అంతే."

"పేరెట్టే! పరాయోడు నా పెళ్ళాన్ని పేరెట్టి పిలుత్తాడా?"

"మరింకెవులు పిలుత్తారు?" ఆమె ఉల్లిపాయ పక్కన పెట్టింది. "నువ్వు డ్యూటీకి పోతే సీకటి పడ్డాక రావడం. వచ్చినా 'ఒలే' అంటావు. తెలుగుదాన్నని మన క్వార్టర్ల ఆడోళ్ళకి నాను 'తెలంగిన్'. కూరలమ్మే ముసిల్దానిక్కూడా 'తెలంగిన్'. ఆళ్ళ మాట నాకు సగం తెలీదు, నా మాట ఆళ్ళకి అసలే తెలీదు. పగలంతా ఆ గోడలేసి సూత్తా కూకుంటే, నా పేరు నానే మర్సిపోతానేమోనని బయమేస్తాది మావా."

నూకరాజు అదంతా విన్నాడు గానీ తలకెక్కించుకోలేదు. పేరెట్టి పిలుస్తాడు, అన్న ఒక్క మాటే లోపల గుచ్చుకుంటోంది.

చేతులూ కాళ్ళూ ఆనించి పాకుతూ ఎలాగో అంచు చేరారు. మోదుగచెట్టు కింద కూలబడ్డాక ఊపిరి తిరిగి వచ్చింది. ఊపిరితోపాటు అనుమానమూ వచ్చింది.

"పిలు ఆణ్ణి," అన్నాడు. "ఆడెక్కడున్నా సరే, నా ఎదటే పిలు. పలికాడా, నువ్వు రేపటి బండికే."

"నవ్వవు కదా?"

నవ్వా! లేచి, అందిన రాయి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

ఆమె అంచు దాకా వెళ్ళింది. నోటికి రెండు చేతులూ అడ్డుపెట్టి, లోపలికి వంగి, గొంతెత్తి పిలిచింది.

"సూరమ్మా!"

అది ఆమె పేరే. నూకరాజు తెల్లబోయి చూస్తుండగా, అవతలి రాతిగోడ దగ్గర్నుంచి తెలుగులోనే, ఎంతో ఆప్యాయంగా పిలుపు వచ్చింది.

"సూరమ్మా...!"