సీటు కింద వైరు

గేరు ఎటు వేసినా కారు కదల్లేదు. మెకానిక్ మస్తాన్ గేర్ ఆయిల్ వాసన చూశాడు, శుభ్రంగానే ఉంది. అనుమానమొచ్చి, కారు యజమాని ఓబులరెడ్డి పక్క సీట్లో ఉన్న అతని భార్యను దిగమన్నాడు. కట్టు కట్టిన చేతిని పట్టుకుని ఆమె దిగగానే కారు కదిలింది.

ఎక్కినవాళ్లలో ఒక్కరి గుండె బెదిరినా కదలకూడదని ఇప్పటి కార్లన్నిటికీ నేర్పారు.

"అక్కకు మీతో వచ్చేది ఇష్టం లేదు సార్."

"నెల్లాళ్లు పుట్టింట్లో ఉండి పొగరెక్కిందిలే. నువ్వు కారు బాగుచెయ్యప్పా, నా సంసారం కాదు," అన్నాడు ఓబులరెడ్డి.

"కారుకేం కాలేదన్నా," అందామె మస్తాన్‌తో మెల్లగా.

ఆ పిలుపు మళ్లీ వినబడకుండా మస్తాన్ రేడియో పెంచాడు. ఈ వారంలో ఇది నాలుగో కారు. సీటు కింద, గుండెను వినే వైరును కత్తిరించాడు.

ఓబులరెడ్డి ఆమెను ఎక్కించుకున్నాడు. చిన్న కుదుపైనా లేకుండా కారు సాగిపోతుంటే, తన పనితనానికి మస్తాన్ మురిసిపోయాడు.