మెడ తిప్పే గురువు

మోదుగులు ఎర్రగా విరగబూసిన అడవిలో ఒక గుడ్లగూబ యోగా గురువుగా వెలిసింది. అది తలని వీపువైపుకి తిప్పేస్తుంటే పక్షులన్నీ ముక్కులు తెరుచుకుని చూసేవి.

పాటంటే ప్రాణం పెట్టే ఒక పడుచు గోరింక కూడా శిష్యురాలిగా చేరింది. ఊపిరి నిలపడం వస్తే తన పాట వాగు దాటి వినిపిస్తుందని దాని ఆశ.

మొదటి పాఠంలోనే గుడ్లగూబ, ఒక్క మాటైనా అడక్కుండా, గోళ్లతో గోరింక మెడ పట్టి వెనక్కి తిప్పింది.

"అమ్మో! నొప్పి గురువుగారూ, వదలండి!"

"నొప్పంటే శ్రద్ధ లేదన్నమాట. నాకు తిరగడం లేదూ?"

"మీరు గుడ్లగూబ, నేను గోరింకని!"

"గురువుకే ఎదురు చెప్తావా?" అని ఇంకాస్త తిప్పింది.

పక్కనున్న పావురం, "ఓర్చుకోవే తల్లీ, పెద్దాయన. మా అందరికీ ఇలాగే తిప్పారు," అని గుసగుసలాడింది.

గోరింకకి ఒళ్లు మండిపోయింది. రెక్కలు టపటపా కొట్టి విడిపించుకుంది.

"అందరికీనా? మరి ఒక్కళ్లయినా వద్దని చెప్పరేం? నా మెడ నాది! అడక్కుండా ముట్టుకునేవాడు, వద్దన్నా వదలనివాడు గురువెలా అవుతాడు?"

ఆ అరుపు వాగు దాటి వినిపించింది.

పావురం ఇన్నాళ్లూ తన వంకరపోయిన మెడని రెక్కతో కప్పుకుని తిరిగేది. ఇప్పుడు ఆ రెక్క తీసేసింది. ముందుగా అదే ఎగిరిపోయింది, దాని వెనకే మిగతావన్నీ.

మర్నాడు గుడ్లగూబ కొమ్మ మీద కూర్చుని తలని చుట్టూరా తిప్పి చూసింది. ఎటు తిప్పినా ఒక్క శిష్యుడూ లేడు.