మంచం మీద చోటు

సూట్‌కేసు తెరవగానే ఇంటి వాసన గదంతా పరుచుకుంది. ఆమె వెంటనే మూత వేసేసింది.

"మూసేస్తే ఎలా? నాకేం తెచ్చావో చూడనీ!" అంది రూమ్మేట్. ఆ పిల్లకి రేడియో అని పేరు. నిద్రలో తప్ప నోరు మూతపడదు.

సెలవులైపోయాయి. మళ్లీ అదే పరాయి దేశం, అదే ఇరుకు గది, రెండు ఇనప మంచాలు, కిర్రుమనే కిటికీ. ఫ్రిజ్‌లో తను మరిచిపోయి వెళ్లిన పాలు పెరుగును కూడా దాటి ఇంకేదో అయిపోయాయి. పుస్తకాల మీద దుమ్ము. రేపటి నుంచి ల్యాబ్. మట్టి నమూనాలు ఎండబెట్టడం, జల్లించడం, తూచడం.

"ఇంటిదగ్గర రాజభోగం ఎలా సాగింది?" అంది రేడియో, మంచం మీద బాసింపట్టు వేసుకుని.

"నా మొహం. అక్కడ రాణీగారు వేరే ఉన్నారుగా."

"బుడ్డిదా?"

బుడ్డిదానికి మొన్ననే మూడేళ్లు నిండాయి. వీడియో కాల్‌లో మొదటిసారి చూసినప్పుడే రేడియో, "మీ చెల్లెలా? అచ్చు నీ ముక్కే!" అంది. పోలిక మాటకి పొంగిపోయి ఆమె తలూపింది.

"అమ్మని వదిలితేగా!" అంది ఆమె బట్టలు తీస్తూ. "అన్నం అమ్మే పెట్టాలి. జడ అమ్మే వెయ్యాలి. మొదటి రాత్రి పక్కన పడుకుందామని వెళ్తే మంచానికి అడ్డంగా కాళ్లు చాపేసింది. 'అక్కా, ఇక్కడ చోటు లేదు, సోఫాలో పడుకో పో' అంది."

రేడియో పగలబడి నవ్వింది. "పడుకున్నావా మరి?"

"పడుకున్నాను. పైగా మా తమ్ముడొకడు. 'అక్కా, నీకు రిజర్వేషన్ లేదు' అని వెక్కిరింపు. వాడు ఏదంటే అది దానికి వేదం. మర్నాటి నుంచి దానిదీ అదే పాట. 'అక్కా, నీకు లిజవేషన్ లేదు' అని."

నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ రాత్రి తలుపు సందులోంచి చూసింది ఇంకా కళ్లలో కారం కొట్టినట్టే ఉంది. అమ్మ చెయ్యి దాని వీపు మీద. దాని చెయ్యి అమ్మ మెడ చుట్టూ. తనకి ఒళ్లంతా మండిపోయింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని తనని తనే తిట్టుకుంది. మంట ఆరలేదు.

బొమ్మ కొనిచ్చింది. బుడ్డిది దాన్ని తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టింది. అయినా ఆమె సెలవుల పొడుగునా దాని వెంటపడింది. కథలు చెప్పింది, ఏనుగయింది, గుర్రమయింది. ఆఖరికి ఒక మధ్యాహ్నం అది తనంతట తానే ఒళ్లోకి వచ్చి నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా ఆమె కదల్లేదు. అంతలో అమ్మ వచ్చి, మెల్లిగా దాన్ని ఎత్తేసుకుంది.

"మరీ అలవాటు చెయ్యకే. నువ్వెళ్లాక రాత్రుళ్లు దాన్ని సముదాయించలేక చచ్చేది నేను."

అమ్మ మాట నిజమే. అయినా ఆ రోజంతా ఆమె అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

"ఇదేంటి?" రేడియో సూట్‌కేసు అడుగు నుంచి చిన్న గౌను ఒకటి పైకి లాగింది. "ఛీ, ఉతకను కూడా లేదు!"

"నా బట్టల్లో కలిసి వచ్చేసినట్టుంది."

"దొంగమొహమా! కక్షకొద్దీ కొట్టుకొచ్చావు కదూ? లేటుగా పుట్టిన పిల్ల, గారం ఉండదా మరి? ఇంత పెద్దదానివి, దాంతో వంతులు పోతావా?"

ఆమె గౌను లాక్కుని దిండు కింద పెట్టుకుంది.

గది సర్దుకుంది. క్లాసులు మొదలయ్యాయి. తనే సర్దుకోలేదు. ల్యాబ్‌లో ఒక నమూనాని రెండుసార్లు తూచి, పక్కదాన్ని అసలు తూచకుండానే వదిలేసింది. "నీ మనసింకా విమానం దిగినట్టు లేదు" అన్నాడు ప్రొఫెసర్. మనసులో ఒకటే గుబులు. ఈ చదువు అయ్యేలోపు బుడ్డిది తనని పూర్తిగా మరిచిపోతే? ఆ మంచం మీద తనకి ఎప్పటికీ చోటు దొరక్కపోతే?

ఆదివారం ఫోన్ చేసింది. అమ్మ ఫోన్‌ని డబ్బాకి ఆనించి కూరలు తరుగుతోంది. వెనక బుడ్డిది కుర్చీ ఎక్కి గంతులేస్తోంది.

"అక్కా! చూడూ, నేను ఎగులుతున్నా!"

"దిగవే, పడతావ్!"

"నువ్వు చెబితే వింటుందా అది?" అమ్మ నవ్వింది. "పోనీలే, నువ్వు వచ్చేశాక దారికొస్తుంది. అన్నీ అదే నేర్చుకుంటుంది."

మాట పూర్తి కానేలేదు. కుర్చీ ఒరిగింది. దభీమని చప్పుడు.

"అమ్మా!"

ఇక్కడ ఆమె ఒక్క ఉదుటున లేచింది. కాఫీ కప్పు దొర్లిపోయింది. "ఏమైందమ్మా! వస్తున్నా!" అంటూ రెండు చేతులూ ఫోన్ వైపు చాచింది.

తెర మీదికి అమ్మ చేతులు వచ్చాయి. బుడ్డిదాన్ని ఎత్తుకున్నాయి. అది అమ్మ భుజంలో మొహం దాచేసుకుంది. ఏడుపు ఆగిపోయింది.

"బాగుంది వరస!" రేడియో బల్ల మీద కాఫీ తుడుస్తూ నవ్వింది. "అది మీ అమ్మని పిలిస్తే నువ్వు లేస్తావేంటి?"

రేడియో అన్నదాంట్లో తప్పేమీ లేదు. మేనమామని చూసి కన్నతల్లిని 'అక్కా' అనడం నేర్చిన ఆ పిల్లకి, అమ్మంటే అమ్మమ్మే.